గుఱ్ఱములు పెంచువారి గోడు

నలమహారాజు కథలో రెండు విద్యలు కలవు. ఒకటి అశ్వవిద్య, మఱొకటి అక్షవిద్య. గుఱ్ఱముల మనసెఱిగి వాయువేగముతో రథము తోలగల నేర్పు నలునకు కలదు. పాచికల మర్మము తెలియకపోవుటచేత రాజ్యము పోగొట్టుకొని అడవుల పాలయ్యెను. తుదకు ఋతుపర్ణునకు అశ్వహృదయము నొసగి, అతనియొద్ద అక్షహృదయము గ్రహించిన పిదపగాని అతని కష్టములు గట్టెక్కలేదు. నేటి గుఱ్ఱపుపందెములలో ఈ రెండు విద్యలును ఒకే కాడికి కట్టబడియున్నవి. ఒకవైపు గుఱ్ఱమును పుట్టించి, పెంచి, పరుగు నేర్పువారు. మఱొకవైపు దానిపై డబ్బు కాయువారు. రెండవవారి డబ్బు తగ్గినపుడెల్ల మొదటివారి బ్రతుకు తలక్రిందులగుచున్నది. అప్పుడు వారు ప్రభుత్వమును ఆశ్రయించుచున్నారు.

జూదమును ఆధారము చేసికొన్న వృత్తికి ప్రజాధనము నీయవచ్చునా? ఈ ప్రశ్న వినగానే మన యిండ్లలోని పెద్దలు పలువురు "ఈయరాదు" అని తీర్పు చెప్పుదురు. ఆ తీర్పు తప్పని మేమనము. కాని తీర్పు చెప్పుటకు ముందు ఉభయపక్షముల మాటయు వినుట న్యాయము. ఈ వ్యాజ్యము మొదటినుండి తుదివరకు బహిరంగముగా నడచిన తావు కెనడా దేశములోని ఒంటేరియో రాష్ట్రము. ముందుగా దానిని వివరించి, ఆ పిమ్మట మన దేశపు సంగతికి వత్తుము.

పందెపు మైదానములో డబ్బు నడచు దారిని మొదట తెలిసికొనవలెను. ప్రేక్షకులు కాచిన పందెములన్నియు ఒక రాశిగా చేరును. అందులోనుండి పందెపు సంఘము కొంత వాటాను, ప్రభుత్వము కొంత పన్నును మినహాయించుకొనగా, మిగిలినది గెలిచినవారికి పంచబడును. ఈ లెక్క కట్టు యంత్రమునే టోటలైజేటరు అందురు. సంఘమునకు వచ్చిన వాటాలోనుండి గెలిచిన గుఱ్ఱముల యజమానులకు బహుమానములు లభించును. బహుమానములు పెద్దవైనచో యజమానులు మంచి పిల్లలకు మంచి వెల యిత్తురు. ఆ వెలయే గుఱ్ఱములు పెంచువాని రాబడి. అనగా, మైదానములో టిక్కెట్టు కొన్నవాని రూపాయి నాలుగు చేతులు మాఱి, ఎక్కడనో పల్లెలో పచ్చిక మేయుచున్న ఆడుగుఱ్ఱము ముందు గడ్డిమోపుగా పడుచున్నది.

ఆ ఆడుగుఱ్ఱమున కొక పంచాంగము కలదు. ఏ ప్రభుత్వమును దానిని మార్చజాలదు. అది వసంతకాలమున చూలు ధరించును. ఇంచుమించు పదునొకండు నెలలు మోసి, మఱుసటి వసంతమున ఈనును. పిల్లకు ఏడాది దాటిన పిదప, శరదృతువునందు వేలమునకు తెత్తురు. రెండేండ్లు నిండిన తరువాత అది మొదటిసారిగా పందెమున పరుగెత్తును. మగగుఱ్ఱపు యజమానికి రుసుము చెల్లించిన దినమునుండి పిల్ల వేలములో అమ్ముడుపోవు దినమువరకు రెండున్నర యేండ్లు గడచును. అది పరుగెత్తి చూపుటకు మూడేండ్లు పట్టును. ఈ కాలమంతయు గడ్డికి, దాణాకు, పశువైద్యునకు, లాడములు కొట్టువానికి, కాపరికి వ్యయమే కాని రాబడి లేదు. మన రైతు ఆషాఢమున నారు పోసి సంక్రాంతికి గింజ చూచును. గుఱ్ఱములు పెంచువాడు ఈ యేడు విత్తిన పంటను మూడవయేట కోయవలసియుండును.

ఇక ఒంటేరియో మాట. ఉత్తర అమెరికా ఖండమున ఎడతెగక జరుగుచున్న పేరుగల పందెములలో మిక్కిలి పాతది క్వీన్సు ప్లేటు అను పేరుతో అక్కడనే 1860లో ఆరంభమైనది. 1961లో అక్కడి ఓషవా పట్టణమువద్ద నార్దర్న్ డాన్సర్ అను పొట్టి గుఱ్ఱము పుట్టినది. ఏడాది పిల్లగా ఉన్నపుడు దానికి 25,000 డాలర్ల వెల నిర్ణయింపగా కొనువారు లేకపోయిరి. అదియే 1964లో అమెరికాలోని కెంటకీ డెర్బీని గెలిచి, పిమ్మట ప్రపంచమంతటను మేలుజాతి పందెపు గుఱ్ఱముల వంశములకు మూలపురుషుడైనది. రౌతు నెక్కించుకొని పరుగెత్తు ఇట్టి థరోబ్రెడ్ గుఱ్ఱములేకాక, రెండుచక్రముల చిన్న బండిని లాగుచు దుడుకు నడకతో పోటీపడు స్టాండర్డ్‌బ్రెడ్ అను జాతియు అక్కడ విస్తారముగా కలదు. మన జట్కాబండి పందెమున దిగినచో ఎట్లుండునో ఊహించుకొనుడు. ఆ జాతిని పెంచువారు చాలవరకు పొలముగట్లపై నివసించు సామాన్య రైతులు. స్థానికమైన మగగుఱ్ఱములకు పుట్టిన పిల్లలకే ప్రత్యేక బహుమానములుండు పందెముల వరుసను 1974లో అక్కడ నెలకొల్పిరి. దానివలన ఊరి గుఱ్ఱమునకు ఊరిలోనే గిరాకి యేర్పడినది.

కాలక్రమమున లాటరీలు వచ్చినవి, జూదగృహములు వచ్చినవి. మీట నొక్కినంతనే ఫలితము తేల్చు యంత్రములముందు, అరగంటకొకమాఱు జరుగు గుఱ్ఱపుపందెము వెలవెలబోయినది. అప్పుడు, 1998లో, ప్రభుత్వమును పందెపు సంఘములును ఒక ఒడంబడిక చేసికొనిరి. ప్రభుత్వపు జూదయంత్రములను పందెపు మైదానములలోనే నిలుపుదురు. వాటిపై వచ్చు రాబడిలో నూటికి 10 వంతులు మైదానమునకు, 10 వంతులు గుఱ్ఱముల బహుమానములకు చెందును. స్థానిక పురపాలక సంస్థకును కొంత వాటా కలదు. మిగిలినది రాష్ట్రపు ఖజానాకు. ఈ యేర్పాటు చక్కగా సాగినది. బహుమానములు పెరిగినవి, పిల్లల వెలలు పెరిగినవి, రైతులు అప్పులు చేసి కొట్టములు కట్టిరి, ఆడుగుఱ్ఱములను కొనిరి. కొంతకాలమునకు మైదానములకును బహుమానములకును చేరు వాటా సాలీనా 34 కోట్ల 50 లక్షల డాలర్లవరకు పెరిగినది.

2012 మార్చి నెలలో ప్రభుత్వము ఈ ఒడంబడికను రద్దు చేయుచున్నట్లు ప్రకటించెను. 2013 మార్చి 31 దాని తుదిదినము. ప్రభుత్వపు వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఖజానాలో లోటున్నది, ఆసుపత్రులకును పాఠశాలలకును డబ్బు కావలెను, పందెములు చూచువారు తగ్గుచుండగా వాటికి ఇంత ధనము పోయుట యేల? మన పెద్దలు చెప్పు తీర్పును అక్కడి ఆర్థికమంత్రియు ఇంచుమించు ఆ రీతినే చెప్పెను.

గుఱ్ఱములు పెంచువారు రెండు మాటలు చెప్పిరి. మొదటిది: ఇది దానము కాదు, వాటా. మా మైదానములలో మీ యంత్రములు నిలుపుకొంటిరి. మా ప్రేక్షకులను మీకు వదలితిమి. దానికి ప్రతిఫలముగా వచ్చినదానిని ధర్మమని పిలుచుట న్యాయము కాదు. రెండవ మాట ఇంతకంటెను బరువైనది. అది ఇందాక చెప్పిన పంచాంగమునకు సంబంధించినది. 2011 వసంతమున చూలు ధరించిన ఆడుగుఱ్ఱము, ఈ ప్రకటన వెలువడునాటికి నిండు చూలాలు. దాని కడుపులోని పిల్ల వేలమునకు వచ్చుట 2013 శరత్కాలమున. మొదటి పరుగు 2014లో. ఒడంబడిక 2013 మార్చిలోనే ముగియుచున్నది. అనగా, ఏ బహుమానములను నమ్మి రైతు రుసుము చెల్లించెనో ఆ బహుమానములు పిల్ల ఎదుగులోపుననే మాయమగుచున్నవి. అప్పటికే ఏడాది దాటిన పిల్లల గతియు అంతియే. ఏడాది గడువిచ్చితిమని ప్రభుత్వమనెను. కార్యాలయపు లెక్కలో ఏడాది గడువు తక్కువ కాదు. ఆడుగుఱ్ఱపు లెక్కలో అది ఒక్క కాన్పు మాత్రమే.

ఫలితములు వెంటనే కనబడినవి. ఆ వేసవిలోనే విండ్సర్ నగరపు పందెపు మైదానము మూతబడినది. ఆడుగుఱ్ఱములను దాటించుట తగ్గినది. ప్రభుత్వము ముగ్గురు మాజీమంత్రులతో ఒక సంఘమును నియమించినది. వారు మూడు వేర్వేఱు రాజకీయ పక్షములవారు. ఒకరు వెనుక వ్యవసాయశాఖను నిర్వహించినవారు. 2013 అక్టోబరులో వారు సమర్పించిన ప్రణాళిక ననుసరించి, ఐదేండ్లలో 40 కోట్ల డాలర్ల సాహాయ్యము చేయుటకు ప్రభుత్వమంగీకరించినది. మునుపటి వాటాతో పోల్చిచూడగా ఇది చాల చిన్న మొత్తము. కాని దీనిలో ఐదేండ్ల గడువు కలదు. ఆ పిమ్మట 2019 నుండి అమలునకు వచ్చిన ఒడంబడిక, దాదాపు రెండు దశాబ్దముల వరకు సాగగల దీర్ఘకాలపు టేర్పాటు. కొలది సంవత్సరముల కష్టనష్టముల పిదప ప్రభుత్వము తెలిసికొన్న విషయ మొకటే: గుఱ్ఱములు పెంచువానికి ఎంత యిత్తురన్న ప్రశ్నతోపాటు, ఎంతకాలమువరకు ఈ మాట నిలుచునన్న ప్రశ్నయు ముఖ్యమైనది.

ఇక మన దేశమునకు వత్తుము. హైదరాబాదులో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున మౌలాలీలో జరుగుచుండిన పందెములు 1886లో మలక్‌పేటకు తరలివచ్చినవి. నేడును అక్కడ పందెములు జరుగుచున్నవి. దేశములోని మైదానములలో పరుగెత్తు గుఱ్ఱములు పూనా పరిసరములలోను, పంజాబు, హర్యానా, కర్ణాటకములలోను గల పెంపకపు క్షేత్రములనుండి వచ్చుచుండును. టిప్పు సుల్తాను కాలమున దండుగుఱ్ఱములను పెంచిన కునిగల్ క్షేత్రము వీటిలో ప్రసిద్ధము.

మనవారి గోడు ఒంటేరియోవారి గోడు వంటిది కాదు. వీరు ఖజానానుండి డబ్బిమ్మని కోరుటలేదు. ఖజానా తీసికొనుచున్నది తగ్గింపుమని కోరుచున్నారు. గుఱ్ఱపుపందెము నేర్పుపై ఆధారపడినదే కాని కేవలము అదృష్టముపై ఆధారపడినది కాదని మన సుప్రీముకోర్టు 1996లో తీర్పు చెప్పినది. 2017 జులై 1న వస్తుసేవల పన్ను వచ్చినపుడు పందెములపై 28 శాతము విధించిరి. వివాదమంతయు ఆ శాతము దేనిపై అనుటలో కలదు. మాటవరుసకు, ఒకడు 100 రూపాయలు కాచెననుకొందము. అందు సంఘము తనకై తీసికొనునది 10 రూపాయలనుకొందము. ఆ పదింటిపై పన్ను వేసినచో 2 రూపాయల 80 పైసలు. మొత్తము నూటిపై వేసినచో 28 రూపాయలు. సంఘమునకు దక్కినది పది, పన్ను ఇరువదియెనిమిది! టోటలైజేటరులో చేరిన సొమ్ము సంఘముది కాదని, దాని వాటాపై మాత్రమే పన్ను వేయవలెనని కర్ణాటక హైకోర్టు 2021 జూనులో తీర్పు నిచ్చినది. కాని 2023 అక్టోబరు 1 నుండి చట్టమును సవరించి, పందెపు పూర్తి విలువపై 28 శాతమును స్థిరపఱచిరి. 2025 సెప్టెంబరు 22 నుండి అది 40 శాతమైనది.

పన్ను పెరిగినకొలది మైదానములో టిక్కెట్టు కొనుట దండుగయని తలచినవాడు పందెము మానునా? కొందఱు మానుదురు, అది మంచిదే. మఱికొందఱు పన్ను కట్టని దొంగచాటు బుకీలను ఆశ్రయింతురు. అట్టి డబ్బు ఖజానాకును రాదు, బహుమానముగా మాఱి ఆడుగుఱ్ఱపు కొట్టమునకును చేరదు. పెంపకదార్ల ముఖ్యమైన వాదము ఇదియే.

ఈ వృత్తివలన పందెములకు వెలుపల లోకమునకు కలుగు మేలేమి యని అడుగవచ్చును. ఒక ఉదాహరణము చాలును. 1946లో పూనాలో నెలకొన్న పూనావాలా వారి క్షేత్రమునుండి, పందెములకు పనికిరాని గుఱ్ఱములను బొంబాయిలోని హాఫ్‌కిన్ సంస్థకు ఇచ్చుచుండిరి. ధనుర్వాతపు విషమును విఱుగగొట్టు సీరమును గుఱ్ఱపు నెత్తురునుండియే తీయుదురు. ఆ పనిని తామే చేయరాదా యని తలచి సైరస్ పూనావాలా 1966లో సీరం ఇన్‌స్టిట్యూట్ స్థాపించిరి. నేడు లోకములో మిక్కిలి హెచ్చుగా టీకాలను తయారుచేయు సంస్థలలో అది యొకటి. ప్రతి గుఱ్ఱపుకొట్టమునుండియు టీకాల కర్మాగారము పుట్టునని మేమనము. ఒక వృత్తి అంతరించునపుడు దానితోపాటు ఏమి పోవునో ముందుగా లెక్కకట్టుట కష్టమని మాత్రమే మా తాత్పర్యము.

రెండవ పక్షమునకును న్యాయము చేయవలెను. జీతము వచ్చిన సాయంత్రము మైదానమునకు పోయి రిక్తహస్తములతో ఇల్లు చేరిన గృహస్థుని భార్యకు, గుఱ్ఱపు వంశావళి గూర్చి చెప్పి ఓదార్చలేము. ఆ యిల్లాలి కన్నీటిని లెక్కలోనుంచుకొని పందెములను తగ్గింపదలచిన ప్రభుత్వమునకు ఆ హక్కు కలదు. అయితే, ఏండ్లతరబడి పందెముల రాబడిని పంచుకొన్న ప్రభుత్వము, ఆ రాబడిని నమ్మి పశువును పోషించినవానిని ఒక్క ఉత్తరువుతో వీథిలో నిలుపుట ధర్మము కాదు. పెంచువాడును, జూదపు సొమ్ము చిరకాలము తనను పోషించునని నమ్మరాదు. సాహాయ్యము చేయుట, చేయకపోవుట ప్రభుత్వపు విధానము. కాని పన్ను మార్చినను, వాటా ఆపినను, ఆ మార్పు నేడు చూలుతోనున్న ఆడుగుఱ్ఱపు పిల్ల పరుగెత్తువఱకైనను ఆగవలెను. మూడేండ్ల గడువు అడుగుట గొంతెమ్మకోరిక కాదు. ఆ గడువు ఉన్నచో తెలివిగలవాడు మందను తగ్గించుకొనును, అప్పు తీర్చుకొనును, వేఱు పని చూచుకొనును.

రథము తోలువాడు కళ్లెమును ఒక్క త్రుటిలో లాగగలడు. కాని పరుగుమీదనున్న గుఱ్ఱము నిలుచుటకు కొంత నేల కావలెను. ఆ నేల విడువకుండ కళ్లెము లాగినచో పడిపోవునది గుఱ్ఱమొక్కటే కాదు.