ఒకే వెబ్‌సైట్, వంద ఫోన్లు: క్లౌడ్‌లో బ్రౌజర్ టెస్టింగ్ ఎలా జరుగుతుంది?

స్కాలర్‌షిప్ దరఖాస్తుకి ఆఖరి రోజు. వివరాలన్నీ నింపి ‘సబ్మిట్’ నొక్కితే ఫోన్‌లో ఉలుకూ పలుకూ ఉండదు. అదే ఫారం పక్కింటి అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఇట్టే వెళ్లిపోతుంది. మన ఇళ్లల్లో చాలామంది ‘నెట్ స్లోగా ఉంది’ అనో, ‘మనకే చేతకాలేదు’ అనో సరిపెట్టుకుని నెట్ సెంటర్‌కి పరుగెడతారు. తరచుగా తప్పు వాళ్లది కాదు. వెబ్‌సైట్ తయారుచేసినవాళ్లు దాన్ని తమ ఆఫీసు కంప్యూటర్‌లో, ఒక్క క్రోమ్‌లో చూసి ‘బాగుంది’ అని వదిలేస్తే ఇలాగే అవుతుంది.

వెబ్‌సైట్‌ని తెరపై చూపించే బ్రౌజర్లన్నీ ఒకేలా పనిచేయవు. క్రోమ్, ఎడ్జ్ లోపల బ్లింక్ అనే ఇంజిన్ ఉంటుంది, ఫైర్‌ఫాక్స్‌లో గెకో, యాపిల్ వారి సఫారీలో వెబ్‌కిట్. మన దేశంలో ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా లోపల నడిచేది వెబ్‌కిట్టే. దీనికితోడు అమ్మీ చేతిలో ఎప్పుడో కొన్న, అప్‌డేట్ కాని ఫోన్ ఉంటుంది. ఇన్ని రకాల ఫోన్లు, కంప్యూటర్లు కొని బీరువాలో పెట్టుకోవడం చిన్న కంపెనీకి అయ్యే పని కాదు. ప్రతి మార్పుకీ మనిషి కూర్చుని అన్నిట్లో నొక్కి చూడడమూ కుదరదు.

రెండో కష్టానికి ముందు మందు దొరికింది. 2004లో చికాగోలో థాట్‌వర్క్స్ కంపెనీలో పనిచేస్తున్న జేసన్ హగ్గిన్స్, బ్రౌజర్‌ని మనిషి నడిపినట్టే నడిపే టూల్ ఒకటి రాశారు. అదే సెలీనియం. అప్పట్లో ఈ రంగంలో మెర్క్యురీ అనే కంపెనీది పైచేయి. మెర్క్యురీ అంటే పాదరసం, దాని విషానికి సెలీనియం విరుగుడు అని హగ్గిన్స్ వేసిన జోకే పేరైపోయింది. పేజీ తెరువు, పేరు టైప్ చెయ్యి, బటన్ నొక్కు, ‘దరఖాస్తు అందింది’ అని వచ్చిందో లేదో చూడు: ఇలా ఒకసారి రాసిపెడితే ఎన్నిసార్లైనా అదే చేసుకుంటుంది.

మొదటి కష్టానికి జవాబే గ్రిడ్. మధ్యలో ఒక సర్వర్ ఉంటుంది. ‘విండోస్‌లో ఫైర్‌ఫాక్స్ కావాలి’ అని టెస్ట్ అడిగితే, అలాంటిది ఖాళీగా ఉన్న మెషీన్‌ని వెతికి పని అప్పగిస్తుంది. ఆ మెషీన్లను డేటా సెంటర్లలో పెట్టి అద్దెకిస్తే అది క్లౌడ్ గ్రిడ్. హగ్గిన్స్ 2008లో మరికొందరితో కలిసి పెట్టిన సాస్ ల్యాబ్స్ చేసేది ఈ వ్యాపారమే. 2011లో ముంబైలో మొదలైన బ్రౌజర్‌స్టాక్ కూడా అంతే. ఎమ్యులేటర్లే కాదు, అసలు ఫోన్లు కూడా వీళ్ల దగ్గర ఉంటాయి. టెస్ట్ రాసేవాళ్లు తమ కోడ్‌లో గ్రిడ్ అడ్రసు, ఖాతా కీ, కావలసిన బ్రౌజర్ పేరు మారిస్తే చాలావరకు పాత టెస్టే అక్కడ నడుస్తుంది.

లెక్క చూస్తే అసలు లాభం అర్థమవుతుంది. 200 టెస్టులు, ఒక్కోటి 2 నిమిషాలు, 6 రకాల బ్రౌజర్లు అనుకుందాం. ఒకదాని తర్వాత ఒకటి నడిపితే 2,400 నిమిషాలు, అంటే 40 గంటలు. ఒకేసారి 20 నడిపితే 2 గంటలు. అందుకే ఈ కంపెనీల ధర ఎక్కువగా ‘ఒకేసారి ఎన్ని’ అన్నదాన్ని బట్టి ఉంటుంది. నిజానికి అన్నీ అన్నిట్లో నడపక్కర్లేదు. తమ సైట్‌కి ఏ ఫోన్ల నుంచి జనం వస్తున్నారో చూసి ఎంచుకుంటే ఖర్చు తగ్గుతుంది.

జాగ్రత్తలూ ఉన్నాయి. గ్రిడ్‌లో ప్రతి టెస్ట్‌కీ వీడియో, స్క్రీన్‌షాట్లు రికార్డవుతాయి. ఫారంలో నిజమైన మనిషి ఆధార్ నంబర్ వేసి పరీక్షిస్తే అది కూడా బయటి కంపెనీ సర్వర్‌లో పడుతుంది. కల్పిత వివరాలే వాడాలి. ఖాతా కీని కోడ్‌తోపాటు గిట్‌హబ్‌లో బహిరంగంగా పెడితే ఎవరైనా మీ లెక్కలో టెస్టులు నడుపుకుంటారు.

ఇక మెషీన్ ‘పాస్’ అన్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. ఉర్దూ సైట్లలో ఇది బాగా తెలుస్తుంది. నస్తాలిఖ్ అక్షరాలు ఏటవాలుగా దిగుతాయి కాబట్టి వరసల మధ్య చోటు ఎక్కువ కావాలి. అది ఇవ్వకపోతే పైనా కిందా చుక్కలు తెగిపోతాయి, చుక్క పోతే అక్షరమే మారిపోతుంది. తెలుగులో ఒత్తులకీ ఇదే గతి. ఇంకా చిక్కైనది ఫోన్ నంబర్. కుడి నుంచి ఎడమకి నడిచే పేజీలో 12345 67890 అని మధ్యలో ఖాళీతో రాసి, దాని దిశ విడిగా చెప్పకపోతే, తెరపై 67890 12345 అని కనిపిస్తుంది. హెల్ప్‌లైన్‌కి చేసినవాళ్ల ఫోన్ ఇంకెవరికో పోతుంది. కోడ్‌లో అంకెలు సరైన వరసలోనే ఉన్నాయి కాబట్టి టెస్ట్ మాత్రం పచ్చటి టిక్కు పెట్టేస్తుంది. గ్రిడ్ తీసిన స్క్రీన్‌షాట్లని ఆ భాష చదవడం వచ్చినవాళ్లు ఒక్కసారి తిరగేస్తేనే ఇది దొరుకుతుంది.

అమీర్‌పేటలో సెలీనియం కోర్సు బోర్డులు చూసి ఫీజు కట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న డిగ్రీ పిల్లలు ముందు ఇంట్లోనే చేసి చూడొచ్చు. సెలీనియం, దాని గ్రిడ్ రెండూ ఉచితం. జావా ఉన్న మామూలు ల్యాప్‌టాప్, రెండు బ్రౌజర్లు చాలు. ఏదైనా డెమో ఫారం మీద ఒక టెస్ట్ రాసి, క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఒకేసారి నడిపి చూస్తే, కోర్సులో ఏం నేర్పుతారో, అది తమకి నచ్చుతుందో లేదో వారం రోజుల్లో తెలిసిపోతుంది.