యూరియా రాకకు మూలం లోహ ఆక్సైడ్‌ల ఉపరితలం

(మన వాణిజ్య ప్రతినిధి)

జనగామ: ఏటా వానాకాలం నాట్లు ముగిసేసరికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో యూరియాకు గిరాకీ పెరగడం వర్తకులకు తెలిసినదే. 45 కిలోల బస్తా ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది గనుక ఈ సరుకులో హెచ్చుతగ్గులు ధరలో కాక రాకలో కనిపిస్తాయి. 2025లో రాక తగ్గినప్పుడు మహబూబాబాద్ జిల్లాలో రైతులు తెల్లవారుజాము నుంచే బారులు తీరారు. ఆ ఏడు రామగుండం కర్మాగారంలో ఉత్పత్తికి అంతరాయాలు కలగడం కొరతకు ఒక కారణం.

రామగుండంలో బొగ్గుతో నడిచిన పాత ఎఫ్.సి.ఐ. కర్మాగారం 1999లో మూతపడింది. సహజవాయువుతో నడిచే ఆర్.ఎఫ్.సి.ఎల్. అక్కడ 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది. సామర్థ్యం రోజుకు 3,850 టన్నులు, అంటే సుమారు 85 వేల బస్తాలు. ఒక్క రోజు ఆగితే అంత సరుకు తగ్గినట్లే.

అడ్తి వ్యాపారి వంటిదే

యూరియాకు అమోనియా, అమోనియాకు హైడ్రోజన్ కావాలి. సహజవాయువును, నీటి ఆవిరిని నికెల్ ఉత్ప్రేరకం మీదుగా పంపితే హైడ్రోజన్‌తో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. తరువాతి దశలో అనేక కర్మాగారాలు ఇనుప ఆక్సైడ్‌ను వాడతాయి. దాని ఉపరితలం నీటి ఆవిరి నుంచి ఆక్సిజన్ తీసుకొని కార్బన్ మోనాక్సైడ్‌కు అప్పగిస్తుంది. ఫలితంగా మరికొంత హైడ్రోజన్, యూరియాకు అవసరమైన కార్బన్ డయాక్సైడ్ లభిస్తాయి. అడ్తి వ్యాపారి వలె ఉభయులను కలిపి, సరుకు తన వద్ద ఉంచుకోకుండా మరుసటి బేరానికి సిద్ధమవుతుంది.

బేరమంతా ఉపరితలం మీదనే గనుక విస్తీర్ణమే ముఖ్యం. నికెల్ వంటి లోహాలకు ఆధారంగా వాడే అల్యూమినాలో సూక్ష్మరంధ్రాలుంటాయి. కొన్ని రకాలలో ఒక్క గ్రాముకు 200 చదరపు మీటర్లు, అంటే సుమారు రెండు గుంటల జాగా ఉంటుంది. చివరకు నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమోనియా అయ్యేది ఇనుము మీద. ఆ ఇనుము కూడా ఆక్సైడ్‌గానే వచ్చి కర్మాగారంలో లోహంగా మారుతుంది.

జాగా చిక్కుకుంటే

అమ్ముడైన బస్తాలు ఎత్తకపోతే యార్డులో కొత్త సరుకుకు చోటుండదు. గంధకం ఉపరితలానికి చేసే కీడు ఇదే. అతుక్కున్నది వదలదు. అందుకే వాయువును ముందుగా జింక్ ఆక్సైడ్ గుండా పంపుతారు. అది గంధకాన్ని తనలో కలుపుకొని తానే ఖర్చయిపోతుంది, గడువుకు మార్చవలసిందే. వేడి మితిమీరితే రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కొని విస్తీర్ణం తగ్గుతుంది.

గమనించవలసినది

కర్మాగారం ఆగిందన్న వార్త రాగానే, మరునాడే పూర్తి సరుకు వస్తుందని లెక్క వేయరాదు. మరమ్మతు ముగిసినా ఉత్ప్రేరకాలను క్రమంగా వేడి చేయాలి. కొత్త ఇనుప ఆక్సైడ్ వేస్తే దానిని హైడ్రోజన్‌తో లోహంగా మార్చడానికే కొన్ని రోజులు పడుతుంది. తొందరపడితే ఉపరితలం దెబ్బతింటుంది. నాట్ల ముందు నిల్వలు చూసుకునే డీలర్లు, ఆగిన రోజులతో పాటు తిరిగి పుంజుకునే రోజులను కూడా లెక్కలో చేర్చుకోవడం క్షేమం.