వెంట్రుక, కొయ్య, రాయి: పోయినవారి గుర్తులు ఎంతకాలం నిలుస్తాయి?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, దంతెవాడకు సమీపాన ఉన్న గామవాడలో పొడవాటి రాళ్లు నిలువుగా నాటి కనిపిస్తాయి. చనిపోయినవారి గుర్తుగా మాడియా గోండులు నిలిపే ఇలాంటి రాళ్లను గోండి భాషలో ఉరస్కల్ అంటారు. ‘కల్’ అంటే రాయి. మన సన్నికల్లులో ఉన్నదీ ఆ మాటే.

పోయినవారిని గుర్తుంచుకోవడానికి పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఇంకో పదార్థాన్ని ఎంచుకున్నారు. అది వారి తలవెంట్రుక. 1861లో భర్త ఆల్బర్ట్ మరణించాక విక్టోరియా రాణి ఆయన జుట్టు ఉంచిన లాకెట్ ధరించేది. 1901లో తాను కన్నుమూసే వరకూ ఆమె నల్లదుస్తులు విడవలేదు. వెంట్రుకలను సోడా నీళ్లలో ఉడికించి జిడ్డు వదలగొట్టి, జడలుగా అల్లి, ఉంగరాల్లోనూ బ్రోచ్‌లలోనూ గాజు కింద అమర్చేవారు. చావు జరిగిన ఇంట్లో గొరిగిన జుట్టును పారేసే మనకు ఇది కాస్త వింతగానే తోస్తుంది.

కానీ పదార్థంగా చూస్తే అది తెలివైన ఎంపికే. వెంట్రుక ప్రధానంగా కెరటిన్ అనే ప్రోటీన్. దీని పోగులను గంధకం పరమాణువుల మధ్య ఏర్పడే డైసల్ఫైడ్ బంధాలు గట్టిగా కట్టి ఉంచుతాయి. జుట్టు కాలినప్పుడు వచ్చే ఘాటు వాసనకు ఒక కారణం ఈ గంధకమే. మాంసాన్ని తేలిగ్గా కుళ్లబెట్టే సూక్ష్మజీవుల్లో చాలావాటికి కెరటిన్ కొరుకుడు పడదు. కొన్ని శిలీంధ్రాలు, ఉన్ని బట్టలు తినే పురుగులు మాత్రం దాన్ని అరిగించుకోగలవు. గాజు కింద పొడిగా ఉన్న జుట్టు జోలికి అవీ రాలేవు.

అయితే వెంట్రుక చెడకుండా ఉన్నంత మాత్రాన, అది ఎవరిదన్న సంగతి భద్రంగా ఉన్నట్టు కాదు. సంగీతకర్త బీథోవెన్ 1827లో చనిపోయినప్పుడు కత్తిరించినదని చెప్పే ఒక జుట్టుపాయ లాకెట్‌లో తరతరాలుగా చేతులు మారింది. అందులో సీసం ఎక్కువగా ఉందని తేలడంతో, ఆయన అనారోగ్యానికి సీసపు విషమే కారణమై ఉండవచ్చని చాలామంది నమ్మారు. వెంట్రుక గట్టిపడే క్రమంలో కణాల కేంద్రకాలు నశిస్తాయి కాబట్టి, కత్తిరించిన జుట్టులో డీఎన్‌ఏ చిన్న చిన్న ముక్కలుగానే మిగులుతుంది. ఆ ముక్కలను చదివే పద్ధతులు వచ్చాక, 2023లో పరిశోధకులు బీథోవెన్‌వని చెప్పే ఎనిమిది పాయలను పరీక్షించారు. వాటిలో ఐదు ఒకే వ్యక్తివి, ఆయనవేనని తేల్చారు. లాకెట్‌లోని ప్రసిద్ధమైన పాయ మాత్రం ఒక స్త్రీది! మరుసటి ఏడాది అసలైన పాయల్లోనూ సీసం ఎక్కువగానే బయటపడటం వేరే కథ.

బస్తర్ రాళ్లలో ఈ పరీక్షకు దొరికేదేమీ లేదు. రాయి ఎవరిదో ఊరివాళ్లు చెప్పాలి. 1938లో వచ్చిన ‘ది మరియా గోండ్స్ ఆఫ్ బస్తర్’ పుస్తకంలో విల్ఫ్రెడ్ గ్రిగ్సన్ ఈ ఆచారాలను వివరంగా నమోదు చేశాడు. నాటిన రాయి పెరిగితే పోయిన మనిషి తృప్తిగా ఉన్నట్టని మాడియాల నమ్మకం. రాయి పెరగదు గానీ, వానలకు మొదట్లో మట్టి కొట్టుకుపోతే అది నిజంగానే మునుపటికన్నా ఎత్తుగా కనిపిస్తుంది.

రాళ్లతో పాటు చెక్కిన కొయ్య స్తంభాలూ నిలిపేవారు. జంతువులు, వేట, నృత్యం వంటి బొమ్మలతో అవి ఆ మనిషి బతుకు గురించి రాయికన్నా ఎక్కువ చెబుతాయి. కానీ త్వరగా పోయేవీ అవే. కొయ్యలోని సెల్యులోజ్ చెదపురుగులకు ఆహారం. వాటి పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని అరిగించిపెడతాయి. మిగిలినదాన్ని తేమ, శిలీంధ్రాలు చూసుకుంటాయి. బొమ్మ చెరిగేలోపు ఫొటో తీసి, అది ఎవరి స్తంభమో పెద్దవాళ్లను అడిగి రాసుకోకపోతే తర్వాత ఏ ప్రయోగశాలా ఆ సమాచారాన్ని వెనక్కి తేలేదు.

ఇటీవలి స్మారకాల్లో రంగులు వేసిన పలకలు ఎక్కువయ్యాయి. పులులు, నెమళ్ల పక్కన మోటార్‌సైకిళ్లు, ట్రాక్టర్లు కనిపిస్తాయి. కొన్నింటి మీద చనిపోయినవారి పేరు, తేదీ కూడా రాసి ఉంటాయి.