పేరు చెబితే చోటు చూపేదెవరు?

ఆలూరులో ఉన్న స్నేహితుడికి మీరు ఒక ఉత్తరం రాశారనుకోండి. కవరు మీద అతని పేరు, దాని కింద "ఆలూరు" అని మాత్రం రాసి డబ్బాలో వేస్తే అది ఎక్కడికి పోతుంది? నిజామాబాదు జిల్లాలో, ఆర్మూరుకు దగ్గరలో ఒక ఆలూరు ఉంది. కర్నూలు జిల్లాలో మరొక ఆలూరు ఉంది. అందుచేతనే మనం ఊరి కింద జిల్లా, జిల్లా కింద రాష్ట్రం రాస్తాం. ఉత్తరం దారి పట్టేది కింది నుంచి పైకి. ముందు రాష్ట్రం, తరువాత జిల్లా, ఆ తరువాత ఊరు, చివరకు ఇల్లు.

ఇంటర్నెట్టులో కూడా ఇటువంటి ఏర్పాటే ఒకటి ఉంది. దానిని డొమైన్ నేమ్ సిస్టమ్ అంటారు. పొట్టిగా డీఎన్‌ఎస్. మన ఇంట్లో ఫోను, కంప్యూటరు, టీవీ రోజంతా దానితోనే మాట్లాడుతూ ఉంటాయి. కాని అది మన కంటికి కనపడదు.

ఆర్మూరు ప్రాంతం పసుపుకు పేరు పొందింది. అక్కడి రైతులు పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి నిజామాబాదు మార్కెట్టు యార్డుకు తీసుకుపోతారు. 2016 ఏప్రిల్ 14న మన దేశంలో ఈనామ్ అనే జాతీయ వ్యవసాయ మార్కెట్టు మొదలయింది. నిజామాబాదు యార్డు అందులో చేరిన తొలి యార్డులలో ఒకటి.

ఆర్మూరులో ఒక రైతు ఇల్లు ఉందనుకుందాం. బండి కట్టించే ముందు తాత మనవరాలిని పిలిచి, "ఇవాళ కొమ్ముకు ఎంత ధర పలుకుతున్నదో, మండకు ఎంత పలుకుతున్నదో చూడు, బిడ్డా," అన్నాడు. ఆ పిల్ల ఫోనులో "ఈనామ్.గవ్.ఇన్" అనే పేరు కొట్టింది. రెప్పపాటులో ఆ పేజీ తెరుచుకున్నది.

ఆ రెప్పపాటులో ఏం జరిగింది?

యంత్రాలకు పేర్లు పనికిరావు. వాటికి నంబర్లు కావాలి. సాధారణంగా ఆ నంబరులో నాలుగు అంకెలు ఉంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఏదైనా కావచ్చు. మధ్య చుక్కలు పెడతారు. ఫోనుకు ఈనామ్ నంబరు తెలియదు. అందుచేత అది "రిసాల్వర్" అనే సర్వరును అడుగుతుంది. దాన్ని మనం "దారి చెప్పేవాడు" అనుకుందాం.

దారి చెప్పేవాడు కూడా పేరును చివరి నుంచే చదువుతాడు. ముందు మూల సర్వర్ల దగ్గరకు పోయి, "ఇన్ ఎక్కడ?" అని అడుగుతాడు. ఈ మూల సర్వర్లకు ప్రపంచం మొత్తం మీద 13 పేర్లే ఉన్నాయి. అయితే ఒక్కొక్క పేరుతో చాలా దేశాలలో నకళ్ళు పనిచేస్తూ ఉంటాయి. అవి భారతదేశపు పేర్లు చూసే సర్వరును చూపిస్తాయి. అది "గవ్" అనే ప్రభుత్వ పేర్ల సర్వరును చూపిస్తుంది. అక్కడ ఈనామ్ సంగతి తెలుస్తుంది. ఇంత తిరిగి వచ్చి అతను నంబరు చెబుతాడు. కొంతసేపు దానిని గుర్తు పెట్టుకుంటాడు కూడా. మరొకరు అదే పేరు అడిగితే మళ్ళీ తిరిగే పని లేదు.

మొదట ఇంత ఏర్పాటు లేదు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫెయిన్లర్ అనే ఆమె ఆధ్వర్యంలో పేర్లన్నీ ఒకే జాబితాలో రాసి ఉంచేవారు. అందరూ దానికి నకలు తెచ్చుకునేవారు. కంప్యూటర్లు పెరిగిన కొద్దీ ఆ జాబితాతో పని సాగలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు, పేర్లను శాఖలుగా పంచి ఎవరి శాఖను వారే చూసుకునే ఈ డీఎన్‌ఎస్ పద్ధతిని కనిపెట్టాడు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మొదటిసారి యార్డుకు వచ్చిన రైతు, "ఫలానా కొట్టు ఎక్కడ?" అని గేటు దగ్గర ఒకరిని అడిగాడనుకోండి. ఆ మనిషి నిదానస్తుడైతే రైతుకు ఆలస్యం అవుతుంది. చాడీకోరు అయితే, రైతు ఎవరి కొట్టుకు పోయాడో పదిమందికీ చెబుతాడు. మోసగాడైతే దొంగ కొట్టు చూపిస్తాడు. డీఎన్‌ఎస్‌లోనూ అంతే. వేగం, గోప్యత, భద్రత, ఈ మూడూ మనం ఎవరిని దారి అడుగుతామన్న దాని మీద కొంత ఆధారపడి ఉంటాయి.

ముందు వేగం సంగతి. దారి చెప్పేవాడు దగ్గరలో ఉంటే జవాబు సెకనులో కొన్ని వేయవ వంతులలో వస్తుంది. ఒక పేజీ తెరవడానికి పది పన్నెండు పేర్లు అడగవలసి రావచ్చు. కనుక ఆలస్యాలన్నీ కలిస్తే మనకు తెలుస్తుంది. కాని సినిమా ఆగి ఆగి వస్తూ ఉంటే, డీఎన్‌ఎస్ మార్చినంత మాత్రాన అది పరుగెత్తదు. దారి త్వరగా తెలిసినంతలో బండి వేగం పెరగదు గదా!

ఇక గోప్యత. మామూలు డీఎన్‌ఎస్ ప్రశ్న పోస్టుకార్డు వంటిది. దారిలో ఎవరైనా చదవవచ్చు. 2016లో ఒక పద్ధతి, 2018లో మరొక పద్ధతి వచ్చి దానిని అంటించిన కవరుగా మార్చాయి. అయితే కవరు అందుకున్నవాడు దానిని విప్పి చదువుతాడు. అతను ఏం దాచుకుంటాడన్నదే ప్రశ్న. పైగా మనకు ఇంటర్నెట్టు ఇచ్చే కంపెనీకి, మనం పోయే చోటు నంబరు కనపడుతూనే ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమయినది భద్రత. 2011 నవంబరులో అమెరికా దేశపు ఎఫ్‌బీఐ ఒక దొంగల ముఠాను బయటపెట్టింది. ఎస్టోనియా దేశంలో ఆరుగురు పట్టుబడ్డారు. ఆ ముఠా వైరస్ ద్వారా జనం కంప్యూటర్లలో దారి చెప్పేవాడి నంబరు మార్చివేసింది! 100కు పైగా దేశాలలో సుమారు 40 లక్షల కంప్యూటర్లు, తమకు తెలియకుండానే దొంగను దారి అడుగుతూ వచ్చాయి. దొంగలు తమకు లాభం వచ్చే చోట్లకు వాటిని పంపారు. పోలీసులు ఆ సర్వర్లను వెంటనే ఆపివేయలేదు. ఆపితే ఆ కంప్యూటర్లకు ఏ దారీ తెలియకుండా పోతుంది. అందుచేత కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టించి 2012 జూలై 9 వరకు నడిపించారు.

మన తాతకు ఇటువంటి దొంగ దారి చెప్పి ఉంటే ఏమయ్యేది? అచ్చంగా ఈనామ్‌లా కనిపించే దొంగ పేజీ వచ్చి ఉండేది. అందులో బాంకు వివరాలు నింపితే ఏడాది పంట సొమ్ము పోయేది.

మరి ఎవరిని ఎంచుకోవాలి? మనం ఏమీ మార్చకపోతే, సాధారణంగా ఇంటర్నెట్టు ఇచ్చే కంపెనీవారి సర్వరే దారి చెబుతుంది. అది చాలాసార్లు దగ్గరలోనే ఉంటుంది. గూగుల్ వారి 8.8.8.8 అనే సర్వరు 2009లో వచ్చింది. 2017లో వచ్చిన క్వాడ్9 నంబరు 9.9.9.9. ఇది లాభాపేక్ష లేని సంస్థ. 2021 నుంచి స్విట్జర్లాండులో ఉంది. దొంగ పేర్లని తెలిసినవాటికి అది దారి చెప్పదు. అడిగినవారి నంబర్లు రాసి ఉంచుకోమని ఈ సంస్థవారు చెబుతారు. క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 2018లో వచ్చింది. పిల్లలు చూడరాని చోట్లను కూడా ఆపే వారి 1.1.1.3 2020లో వచ్చింది. ఈ మూడు సంస్థలూ, జవాబు మీద అసలైన ముద్ర ఉన్న చోట ఆ ముద్రను సరిచూస్తాయి.

కనుక చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో వేగం కోసం కాక, దొంగ పేర్లను ఆపేదాని కోసం చూడడం మంచిది. సెకనులో వందో వంతు పోతే ఎవరికీ నష్టం లేదు.

మార్చే పని మీ పెద్దలతో కలిసి చేయండి. ముందుగా పాత నంబరు ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. వైఫై రూటరులో మారిస్తే మామూలుగా ఇంట్లో అన్నిటికీ వర్తిస్తుంది. కాని రూటరులో నంబరు మాత్రమే మారిస్తే ప్రశ్న ఇంకా పోస్టుకార్డుగానే పోతుంది. ఆండ్రాయిడ్ 9, ఆ తరువాతి ఫోనులలో "ప్రైవేట్ డీఎన్‌ఎస్" అనే చోట నంబరు కాక ఆ సంస్థ చెప్పిన పేరు రాస్తే అది కవరులో పోతుంది. రూటరుతో వచ్చిన పాస్‌వర్డును కూడా మార్చివేయండి. లేకపోతే దొంగ వచ్చి మీ నంబరును మార్చవచ్చు.

తరువాత ఒక పరీక్ష చేయండి. మూడు రోజులు సాయంత్రం ఒకే వేళకు, మీరు రోజూ చూసే ఐదు పేజీలు తెరిచి, ఏది తెరుచుకున్నదో, ఏది ఆలస్యమయిందో, ఏది ఆగిపోయిందో రాయండి. మంచి పేజీ ఆగిపోతే పాత నంబరు కాగితం ఉండనే ఉంది.

ఒక సంగతి మాత్రం మరవకండి. నిన్న రాత్రి పుట్టిన దొంగ పేరు ఏ జాబితాలోనూ ఉండదు. ఎవరో పంపిన లింకు నొక్కి, ఓటీపీ చెప్పేవారిని ఏ డీఎన్‌ఎస్సూ కాపాడలేదు. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

మన తాత యార్డులో పసుపు కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి గాని నాణ్యం చెప్పడు. మీరు కూడా పేజీలో ఏదైనా నింపే ముందు పైన ఉన్న పేరును ఒక్కొక్క అక్షరమే చదవండి. దారి చెప్పేవాడు ఎంత మంచివాడైనా, గుమ్మం మీద పేరు చూసుకుని లోపలికి పోవలసింది మనమే.