మన జాకెట్టు, మన కొలత

జాకెట్టు కుట్టడం కష్టమా? కొంచెం కష్టమే. లంగాకు నాడా బిగిస్తే చాలు. జాకెట్టు అలా కాదు. ఒంటికి పట్టి ఉండాలి. ఊపిరి ఆడాలి. చెయ్యి ఎత్తితే పైకి లేవకూడదు.

మా యాకుత్‌పురాలో ఇంట్లో మిషను ఉన్న ఆడవాళ్ళు ఉన్నారు. ఫాల్ కుడతారు. పిల్లల గౌన్లు కుడతారు. తమ జాకెట్టు మాత్రం టైలరుకు ఇస్తారు. వాళ్ళ భయం కుట్టు గురించి కాదు, కొలత గురించి. కొలత అంటే అంకెలే కదా! అంకెలు ఇప్పుడు మనకు వచ్చు.

టేపు చేతిలోకి తీసుకోండి. చాలా టేపుల మీద ఒకవైపు 60 వరకు ఉంటుంది. అవి అంగుళాలు. రెండోవైపు 150 వరకు ఉంటుంది. అవి సెంటీమీటర్లు. టైలర్లు అంగుళాల్లోనే చెబుతారు. మనమూ అదే వైపు చూద్దాం. రెండు అంకెల నడుమ ఉన్న గీత అర అంగుళం.

ఎవరి కొలత వాళ్ళు తీసుకుంటే టేపు వెనక జారిపోతుంది. అక్కనో, పక్కింటి ఆపానో పిలవండి. సిగ్గుపడకండి. లోపల రోజూ వేసుకునే బాడీ వేసుకునే కొలవాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఛాతీ చుట్టు కొలత 36 వచ్చిందనుకుందాం. వెంటనే నోటుబుక్కులో రాయండి. పక్కన తేదీ కూడా వేయండి. కాన్పు అయ్యాక ఒళ్ళు మారుతుంది, కొలత మారుతుంది.

ఇప్పుడు వీపు ముక్క లెక్క. 36ని 4 భాగాలు చేస్తే 9. వదులు కోసం అర అంగుళం. కుట్టు లోపల వదలడానికి ఒకటిన్నర. మొత్తం 11. గుడ్డను మధ్యకు మడిచి, మడత నుంచి 11 అంగుళాల దగ్గర సుద్దతో గుర్తు పెట్టాలి.

ఆ ఒకటిన్నర అంగుళం దగ్గరే చాలామంది పిసినారితనం చేస్తారు. కొందరు టైలర్లు కూడా కుట్టాక లోపలి గుడ్డ కత్తిరించేస్తారు. చూడటానికి నీటుగానే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి జాకెట్టు బిగుతవుతుంది. లోపల గుడ్డ ఉండదు. మంచి జాకెట్టు పెట్టెలో మూలుగుతుంది. బయట ఇచ్చినా సరే, "లోపల గుడ్డ ఉంచండి" అని ముందే చెప్పండి.

గుడ్డ ఉంటే వదులు చేయడం ఎంత తేలికో చూడండి. జాకెట్టు తిరగేయండి. పక్క కుట్టు చేతి అంచు నుంచి చంక మీదుగా నడుము దాకా ఉంటుంది. దానికి అర అంగుళం బయట, అంటే గుడ్డ అంచు వైపు, సుద్ద గీత గీయండి. ఆ గీత మీద కొత్త కుట్టు వేయండి. తర్వాతే పాత కుట్టు విప్పండి. ముందే విప్పితే ముక్కలు జరిగిపోతాయి. అర అంగుళమే కదా అనుకోకండి. రెండు పక్కలా, ముందు వెనక కలిపి 4 చోట్ల అర. అంటే 2 అంగుళాలు పెరిగింది! బిగుతు చేయాలంటే పాత కుట్టుకు లోపలివైపు వేయాలి. గుడ్డ మాత్రం కోయకండి.

చెయ్యి ఎత్తితే జాకెట్టు అంతా పైకి లేస్తోందా? బిగుతైందని పక్కలు విప్పుతాం. అయినా లేస్తుంది. ఎందుకంటే తప్పు చంక దగ్గర ఉంది. చంక లోతు మరీ ఎక్కువైతే చేతితో పాటు జాకెట్టూ లేస్తుంది. కోసిన గుడ్డ మళ్ళీ అతకదు. అందుకే చంక మొదట తక్కువ లోతు కోయాలి. వేసి చూసుకుని, పట్టేస్తే కొంచెం కొంచెం పెంచాలి.

మరి ముందు భాగం? అందులో డాట్లు ఉంటాయి. అసలు కష్టం అక్కడే. మొదటిసారి లెక్కలతో కుస్తీ వద్దు. ఒంటికి బాగా సరిపోయిన పాత జాకెట్టు ఒకటి తీసుకోండి. చిరిగినదైనా ఫరవాలేదు. కుట్లన్నీ విప్పి, ముక్కలు ఇస్త్రీ చేయండి. పాత పేపరు మీద పరిచి చుట్టూ గీయండి. డాట్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. పాతదానిలో వదులు ముందే ఉంటుంది, మళ్ళీ కలపకండి. లోపలి గుడ్డ తక్కువుంటే మాత్రం పక్కల పెంచి గీయండి. గీసేముందు ఆ పేపరులో పెద్ద అక్షరాలు చదవండి, పనిలో పని!

పత్తర్‌గట్టిలో మంచి గుడ్డ కొనేది తర్వాత. మొదటి జాకెట్టు పాత నూలు చీర ముక్కతో కుట్టి చూడండి. తప్పు పోయినా బాధ ఉండదు. కొత్త నూలు గుడ్డ, ఆస్తరు గుడ్డ అయితే ముందు నీళ్ళలో నానబెట్టి ఆరేయాలి. లేకపోతే ఉతికాక ఆస్తరు కుంచించుకుపోతుంది, పైగుడ్డ ముడతలు పడుతుంది.

విప్పిన పాత జాకెట్టు హుక్కులు పారేయకండి. తుప్పు పట్టనివి ఏరి డబ్బీలో వేయండి. కొత్తదానికి పనికొస్తాయి.