ఊడిన దంతమునకు వంతెన

మన సిద్ధిపేటలో పుచ్చిన పన్నును పీకించుకొనుటకు వెనుదీయువారు తక్కువ. పీకిన తావున మరియొకదానిని నిలుపుకొనవలెనని తలంచువారు అంతకంటెను తక్కువ. "లోపలి పన్నే కదా, ఎవరికి కనబడును?" అని యందురు. కాని దంతములు ఒకదాని నొకటి ఆనుకొని నిలుచునవి. నడుమ నొకటి తొలగినయెడల ఇరుప్రక్కల పండ్లు క్రమముగా ఆ ఖాళీవైపునకు ఒరగును. ఎదుటి పన్ను ఆధారము లేక తన స్థానము వీడి పొడుచుకొని వచ్చును. ఒరిగిన పండ్ల సందున అన్నము నిలిచి, అవియును పుచ్చును.

ఇచ్చట తల్లిదండ్రులకొక మాట. ఆరవయేట పాలపండ్ల వెనుక మొలచు దవడపన్ను పాలపన్ను కాదు. ఏ పన్నును ఊడకయే అది వచ్చును గనుక పలువురు భ్రమపడి, పుచ్చినను ఉపేక్షింతురు. అది పోయినచో మరల రాదు.

దంతవైద్యులు బ్రిడ్జి యనునది నిజముగా వంతెనయే. ఖాళీకి ఇరువైపులనున్న పండ్లు దానికి స్తంభములు. వానిని చుట్టును అరగదీసి, అచ్చు తీసి, లోహముతోనో పింగాణితోనో రెండు తొడుగులను, నడుమ నొక కట్టుడు పన్నును ఏకఖండముగా చేయించి సిమెంటుతో అతికింతురు. క్రీస్తునకు పూర్వమే ఇటలీ దేశపు ఎట్రస్కనులు బంగారు పట్టీలతో ఇట్టి పని చేసియుండిరి!

అయితే అరగదీసిన పన్ను మరల పెరుగదు. కావున ప్రక్క పండ్లు రెండును నిక్షేపముగా నున్నచో, తీసి పెట్టుకొను పన్నుగాని, ఎముకలో నాటు ఇంప్లాంటుగాని తగునేమో వైద్యుని ముందుగా అడుగుట మేలు. అవి యిదివరకే దెబ్బతిన్నవైనచో బ్రిడ్జియే చక్కని ఉపాయము. దవడ పెరుగుదల ముగియని బాలబాలికలకు సాధారణముగా దీనిని వాయిదా వేయుదురు.

బాటప్రక్కన కూర్చుండి, తీగెతోను, అప్పటికప్పుడు గట్టిపడు ముద్దతోను పన్ను అతికించువారిని మాత్రము ఆశ్రయింపరాదు. ఆ ముద్ద క్రింద చిగురు కుళ్లి, మంచి పండ్లు సయితము కదలిపోవును. చట్టము ప్రకారము దంతవైద్యులుగా నమోదైనవారే ఈ వైద్యము చేయవలెను. వ్యయమునకు వెరచువారికి హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో 1959లో నెలకొనిన ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి గలదు; మనకది సుమారు 100 కిలోమీటర్ల దూరము.

ఇక సంరక్షణ. తొడుగు పుచ్చదు, నిజమే. దాని క్రింది పన్ను పుచ్చును. తొడుగు అంచు చిగురును తాకుచోటనే కీడు మొదలగును. వేపపుల్లను నేను నిందించుట లేదు గాని, అది కట్టుడు పన్ను అడుగునకు చేరదు. ప్రతి రాత్రియు బిరుసుకొన గల దంతసూత్రమునుగాని, సన్నని సందు బ్రష్షునుగాని ఆ అడుగున దూర్చి తుడువవలెను. సంక్రాంతి సకినములను, చెరకును, మాంసపు బొక్కలను ఆ వైపున కొరుకరాదు. మధుమేహము గలవారికి చిగుళ్ల వ్యాధి త్వరగా సోకును గనుక వారు మరింత జాగ్రత్తగా నుండవలెను. ఆరుమాసములకొకమారు చూపించుకొనుచు శ్రద్ధ వహించినచో అది పది పదునైదేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పనిచేయును.

ఎప్పుడైన అది ఊడివచ్చినచో అంగడి జిగురుతో అతికింపక, కడిగి, చిన్న డబ్బీలో నుంచి, రెండు మూడు దినములలోనే వైద్యునియొద్దకు కొనిపోవలెను. ఆలసించినచో స్తంభముల వంటి పండ్లు జరిగి, అదే వంతెన మరల అమరదు.