నివురుగప్పిన నిప్పును పట్టిచ్చే నెత్తురు
హెచ్.ఐ.వి. మందులు మధ్యలో మానితే ముప్పే

హెచ్.ఐ.వి. సోకినవారు మందులు క్రమం తప్పకుండా వాడితే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. ఒంట్లో సత్తువ వస్తుంది. ఎప్పటిలా కూలికీ, పొలానికీ వెళ్లగలుగుతారు. ‘బాగానే ఉంది కదా, కొన్నాళ్లు మానితే ఏమవుతుంది?’ అన్న ఆలోచన సరిగ్గా అప్పుడే పుడుతుంది. అది ప్రాణం మీదికి తెచ్చే ఆలోచన.

ఈ వైరస్ సి.డి.4 అనే రక్షణ కణాలను చంపుతుంది. అంతటితో ఆగక, మిగిలిన రక్షణ కణాలను అదేపనిగా రెచ్చగొడుతుంది. దొంగ లేని రాత్రి కూడా కేకలు వేస్తూ తిరిగే కావలివాడిలా అవి అలసిపోతాయి. పేగుల గోడ దెబ్బతిని, అక్కడి సూక్ష్మక్రిముల శకలాలు రక్తంలోకి చేరడం ఇందుకు ఒక కారణమని 2006లో పరిశోధకులు వెల్లడించారు. మందులు వాడితే ఈ అలజడి చాలావరకు తగ్గుతుంది గాని, పూర్తిగా ఆరిపోదు.

రక్తంలో ఆనవాళ్లు

ఈ అలజడి రక్తంలో ఆనవాళ్లు వదులుతుంది. సి.డి.8 కణాలపై సి.డి.38 అనే గుర్తు పెరగడం ఒకటి. రక్షణ కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ఇంటర్‌ల్యూకిన్-6 పెరగడం మరొకటి. రక్తపు గడ్డలు కరిగినప్పుడు మిగిలే డి-డైమర్ కూడా ఇలాంటిదే.

వీటి విలువ ‘స్మార్ట్’ అనే పరిశోధనలో బయటపడింది. 33 దేశాలలో 5,472 మంది ఇందులో పాల్గొన్నారు. సగం మంది మందులు ఆపకుండా వాడారు. మిగిలిన సగం మంది సి.డి.4 సంఖ్య 350 దాటినప్పుడు ఆపి, 250 కన్నా తగ్గితే మళ్లీ మొదలుపెట్టారు. ఆపకుండా వాడిన వారిలో 30 మంది మరణించగా, ఆపినవారిలో 55 మంది మరణించారు. దాంతో 2006 జనవరిలో ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. మందులు ఆపిన నెలకే ఇంటర్‌ల్యూకిన్-6, డి-డైమర్ పెరిగినట్టు, అవి ఎక్కువగా ఉన్నవారికి మరణం ముప్పు ఎక్కువైనట్టు 2008లో తేలింది. గుండెజబ్బుల ముప్పు కూడా ఈ అలజడితో ముడిపడి ఉంది.

రోగులు చేయవలసింది

ఈ పరీక్షలు పరిశోధనలకే తప్ప మామూలు వైద్యంలో అవసరం పడవు. వాటికోసం డబ్బు ఖర్చు చేయనక్కరలేదు. మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి సి.డి.4 సంఖ్యతో నిమిత్తం లేకుండా సోకినవారందరికీ ఇస్తున్నారు. చెప్పిన తేదీకి ఎ.ఆర్.టి. కేంద్రానికి వెళ్లి వైరల్ లోడ్ పరీక్ష చేయించుకోవాలి. బీడీ, సిగరెట్ మానాలి. రక్తపోటు, చక్కెర చూపించుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒంట్లో బాగున్న రోజున కూడా మాత్ర మానకూడదు.